చింతచెట్టు కింద పిట్టల పంచాయితీ

పిట్టల్ని చూసేందుకు ఓ సంఘం పెట్టామని, దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ఏడాదికో సర్వసభ్య సమావేశం అన్నీ ఉన్నాయని నువ్వు చెప్తుంటే వింటూనే ఉన్నాను. సంతోషం నాయనా. ఇలా మంట దగ్గరికి జరుగు, ఆ దుప్పటి చెవుల మీదికి లాక్కో. పుష్యమాసం చలి ఎముకలు కొరుకుతుంది. నీ సంఘం కంటే పాత సంఘం ఒకటుంది మన శ్రీకాకుళం జిల్లాలో. దానికి రసీదు పుస్తకం లేదు, రబ్బరు స్టాంపు లేదు, బోర్డు లేదు. కట్టుబాటు మాత్రం ఉంది. ఆ ముచ్చట చెప్తాను, మధ్యలో ఫోను తియ్యకు. రాత్రి పెద్దది, మనకి తొందరేం లేదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం ఎరుగుదువు కదా. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నాటికి ఆ ఊరి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయి. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి పొదిగి, పిల్లల్ని పెంచి, రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్ కల్లా వెళ్ళిపోతాయి. అలాగే అటు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. అక్కడికి నత్తగుల్ల కొంగలు తొలకరి చినుకులతో వచ్చి, వరి కోతల రోజుల దాకా ఉంటాయి. అంటే ఏటనుకున్నావు? ఒక ఊళ్ళో పురుళ్ళు ముగిసే వేళకి రెండో ఊళ్ళో మొదలవుతాయి. రెండూళ్ళూ కలిపితే మన జిల్లాలో చెట్టు మీద పసికూత వినిపించని నెలలు చాలా తక్కువ. నీ సంఘం వార్షిక కార్యక్రమం అంటూ కాగితం మీద గడులు గీశావే, ఆ గడులు ఈ పిట్టలు ఎప్పుడో గీసి పెట్టాయి.

మా మేనత్తని తేలినీలాపురమే ఇచ్చారు. నాకు పదేళ్ళు ఉంటాయేమో, కొత్త పైసలు ఇంకా రాలేదు, అణాలు, బేడలు నడుస్తున్న కాలం. విశాఖపట్నం జిల్లాలోంచి విడదీసి 1950లో శ్రీకాకుళం జిల్లా పెట్టిన కొత్త. అప్పట్లో నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా చిన్న రైలు నడిచేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. పట్టాల మధ్య జాగా ఎంతో తెలుసా, రెండున్నర అడుగులు. బొగ్గు ఇంజను. ఎత్తు ఎక్కేటప్పుడు కుర్రాళ్ళు దిగి, పక్కన నడిచి, రేగుపళ్ళు కోసుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. గార్డుగారు జెండా పట్టుకుని, "ఒరే, నాక్కూడా నాలుగు తెండి" అనేవారు. పెట్టెలో ఎదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకి తగిలేవి. దిగేలోపు వాళ్ళ గోత్రం, ఆడపిల్లల సంబంధాలు, ఎడ్ల జత వెల అన్నీ తెలిసిపోయేవి. ఆ రైలు 2004లో ఆగిపోయింది, తర్వాత పెద్ద లైను వేశారు. పెద్ద లైను మంచిదే, కాదనను. సరే, నేను రైలెక్కితే దిగను, నన్ను దింపు. పిట్టల దగ్గరికి రా.

మేనత్త గుమ్మంలో కాళ్ళు కడుక్కోగానే ఎవరింట్లోనైనా ఏమడుగుతారు? "అన్నం తిన్నావా" అని కదా. ఆ ఇంట్లో మావయ్య గారి తల్లి, అంటే మా పెద్దామె, నన్ను మొదట అడిగిన మాట, "వొచ్చేటప్పుడు సూసినావేటి గుంటడా, నిండినాయా సెట్లు?" అని. ఆ తర్వాతే చోడి అంబలి, ఉల్లిపాయ. ఆ ఊళ్ళో పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళు కారు, చెట్లని లెక్కపెట్టేవాళ్ళు. "మూడు సెట్లు నిండినాయి, నాలుగోది సగమైంది" అంటే ఆ ఏడాది లెక్క అదే. చెట్లు నిండిన ఏడు వానలు బాగా పడ్డట్టు, చెరువుల్లో చేప ఉన్నట్టు. నిండకపోతే పెద్దవాళ్ళ మొహాలు వాడిపోయేవి. నవ్వకు. చెరువులో చేప లేనిచోట ఆ పిట్ట పిల్లల్ని పెట్టదు, ఇది పుస్తకాలు చదివినవాళ్ళూ ఒప్పుకునే మాటే.

వాళ్ళు ఆ పిట్టల్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలుగా చూసేవాళ్ళు. ఊరంతటికీ ఆ ఒక్క పోలిక చాలు, తక్కిన కట్టుబాట్లన్నీ అందులోంచి పుట్టినవే. పురుడున్న ఇంట్లో గట్టిగా అరుస్తామా? అరవం. కాబట్టి పెళ్ళి ఊరేగింపు వస్తే, ఆ చెట్లు కనిపించే మలుపు దగ్గర డప్పులు ఆగిపోయేవి, దాటాక మళ్ళీ మోగేవి. బాలింత మంచం కదుపుతామా? కదపం. కాబట్టి గూళ్ళున్నన్నాళ్ళు కొమ్మ నరకడం లేదు, మేక మేతకి రెమ్మ విరవడం లేదు. దీపావళి సరిగ్గా గూళ్ళు కట్టే రోజుల్లోనే వస్తుంది. నేను చూసినన్నాళ్ళలో ఆ చెట్ల కింద టపాకాయ పేల్చినవాడు నా ఎరుకలో లేడు. పిల్లలకి మతాబులు, కాకరపువ్వొత్తులు ఇచ్చి, చెరువుగట్టు అవతలికి తోలేవాళ్ళు. మాకు కోపం రాలేదా అంటే వచ్చింది. ఆ వయసులో చప్పుడు లేని దీపావళి ఏం పండగ!

ఇప్పుడు పాలన అంటావే, అది చెప్తాను. దసరా ముందర ఓ సాయంత్రం పెద్దలు అరుగు మీద కూర్చునేవాళ్ళు. ప్రత్యేకం పిట్టల కోసమే కాదు. చెరువు తూము ఎప్పుడు తియ్యాలి, అమ్మవారి సంబరానికి చందా ఎంత, ఎవరి కంబారి ఎవరింట్లోంచి పారిపోయాడు, ఇలాంటివన్నీ తేలాక, చుట్టలు మారుతుండగా ఆ మాట వచ్చేది. "ఈ ఏడు ఎవులి సెట్లు?" అని. ఎవరి పెరట్లో చెట్టు మీద దిగాయో వాళ్ళ పేరు చెప్పేవాళ్ళు. పక్కింటివాళ్ళు వాళ్ళకి సాయం. కొత్తగా ఊళ్ళోకొచ్చిన కోడలికి, పాలేరుకి, సంతకొచ్చే గాజులవాడికి కట్టుబాటు చెప్పే పని ఒకరికి అప్పగించేవాళ్ళు. తప్పు చేస్తే తప్పు కట్టాలి. పిల్లాడు ఉండేలుతో కొడితే తండ్రి కొబ్బరికాయ కొట్టి, పావలా పెట్టాలి. పెద్దవాడే చేస్తే రూపాయి. అప్పటి రూపాయి ఇప్పటి రూపాయి అనుకునేవు, రోజల్లా పొలంలో వంగి పనిచేసినవాడికి రూపాయి చేతికొచ్చేది కాదు ఆ రోజుల్లో. మినిట్సు పుస్తకం లేదు, సంతకాలు లేవు. నోటి మాటే. నోటి మాట ఎందుకు నిలబడిందంటే, చెప్పినవాడు, విన్నవాడు ఇద్దరూ మర్నాడు పొద్దున్నే అదే చెరువుగట్టు మీద ఎదురుపడాలి గనుక.

అలాగని అందరూ ధర్మరాజులేం కారు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. అలాంటిదొకటి మా నాన్నగారి ఊళ్ళో జరిగింది, ఊరి పేరెందుకు, వాళ్ళ మనవలు ఇప్పుడూ నాకు చుట్టాలే. మా చెరువులో తుమ్మల మీద కొంగలు గూళ్ళు పెట్టేవి, మా ఊరికీ అలాంటి కట్టుబాటే ఉండేది. బుగతగారింటికి కొత్తల్లుడు సంక్రాంతికొచ్చాడు. తోలు బూట్లు, చేతిలో తుపాకి. అల్లుడు కదా, ఎవరూ ఏమనలేదు. వాడు రెండు పేల్చాడు, నాలుగు పిట్టలు పడ్డాయి, గూళ్ళ మీదున్నవన్నీ లేచిపోయాయి. ఆ సాయంత్రం అరుగు మీద పెద్దలకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అల్లుణ్ణి తప్పు కట్టమంటే బుగతకి తలవంపు. కట్టమనకపోతే రేపు ఉండేలు పట్టిన కుర్రాణ్ణి ఏమని అడుగుతాం? చివరికి నలుగురు పెద్దలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని బుగతగారి వాకిట్లోకి వెళ్ళి, ఏమీ అనకుండా నిలబడ్డారు. ఆయన లోపలినుంచి వచ్చాడు, చూశాడు, వాళ్ళెందుకొచ్చారో అడగలేదు. లోపలికెళ్ళి రెండు రూపాయలు, ఓ కొబ్బరికాయ తెచ్చి, "నా గుమ్మంలోంచి వెళ్ళిన తప్పు నాదే" అని వాళ్ళ చేతిలో పెట్టాడు. నేను మా నాన్న పంచె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ తర్వాత ఆ ఇంటికొచ్చిన అల్లుళ్ళెవరూ తుపాకి పట్టుకుని వీధిలోకి రాలేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, మంచి చట్టం, రావాల్సిన చట్టం. ఆ చట్టాన్ని మా ఊళ్ళో వివరించడానికొచ్చిన ఉద్యోగికి మావాళ్ళు టీ ఇచ్చి, "ఇది మాకెరికే బాబూ" అన్నారు.

కానీ నాయనా, కట్టుబాటు బరువు అందరి మీదా సమానంగా పడదు. అసలు బరువు చింతచెట్టు ఆసామి మీద పడుతుంది. చింతకాయ దింపేది ఎప్పుడు? మాఘం, ఫాల్గుణం. పిట్ట పిల్లలు గూట్లో గొంతు చించుకునేది ఎప్పుడు? అప్పుడే. ఒక పెద్ద చింత కాపంటే అప్పట్లో ఓ చిన్నింటికి ఏడాది ఉప్పూ, కిరసనాయిలూ, బట్టలూ. మా పెద్దామెకి పెరట్లో అలాంటి చెట్లు రెండుండేవి. పట్నం నుంచి చింతపండు వర్తకుడు ఎడ్లబండి మీద వచ్చి, చెట్టు చుట్టూ తిరిగి, మెడెత్తి చూసి, "అమ్మా, పాట ఇచ్చేయ్, పిట్టల సంగతి మావాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. ధర పెంచాడు. మరో రూపాయి పెంచాడు. మా మావయ్య మెత్తబడ్డట్టే కనిపించాడు. పెద్దామె మెత్తళ్ళు ఎండబెడుతూ, తల ఎత్తకుండానే అంది: "పురిటికొచ్చిన పిల్ల మంచం ఎవులైనా అద్దెకిస్తారేటి నాయనా?" వర్తకుడు బండి తోలుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడాది వాళ్ళింట్లో దీపం తొందరగా ఆర్పేవాళ్ళని మా అత్త తర్వాతెప్పుడో చెప్పింది. ఇది గుర్తు పెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆ చెట్టు కింద కాపురం అంత సుఖమేం కాదు. ఆకులన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. పిల్లల నోట్లోంచి జారిన చేపలు కింద పడి కుళ్ళి, ఆ నీచు వాసన మన అన్నం కంచం దాకా వస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే ఆ ఊరివాళ్ళు చిన్నబుచ్చుకునేవాళ్ళు. ఒకసారి గూట్లోంచి గూడబాతు పిల్ల కింద పడింది. మా మావయ్య దాన్ని నా రెండు చేతుల్లో పెట్టాడు. ఒంటి మీద మెత్తటి తెల్లటి నూగు, దాని కింద చర్మం వేడిగా ఉంది, గుండె చెయ్యంతా కొట్టుకుంటోంది. కళ్ళు నన్ను చూడటం లేదు, ముక్కు మాత్రం నా వేళ్ళ సందుల్లోకి దూరుస్తోంది. తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేప అందుకోవడం దానికి అలవాటు, నా చేతిలో ఆ సంచి వెతుక్కుంటోంది. ఒక కుర్రాడు దాన్ని తువ్వాలులో మూటగట్టి, మూట పళ్ళతో పట్టుకుని చెట్టెక్కి గూట్లో పెట్టి దిగాడు. దిగాక ఒళ్ళంతా తెల్లగా ఉన్నాడు. ఆడవాళ్ళు వాణ్ణి చెరువు వైపు తోలారు.

నువ్వు బైనాక్యులర్సులో చూస్తావు కాబట్టి ఇది చూడు. ఎర్రకాళ్ళ కొంగ నీళ్ళలో చేపని కళ్ళతో వెతకదు. ముక్కు సగం తెరిచి నీళ్ళలో ముంచి, అటూ ఇటూ తిప్పుతూ నడుస్తుంది, ఒక కాలితో బురద కెలుకుతుంది. ముక్కుకి చేప తగిలిందా, టప్పున మూసుకుంటుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. గూట్లో పిల్లకి ఆ సందు ఉండదు, పెద్దయ్యే కొద్దీ వస్తుంది. పొలాల్లో నత్తల్ని ఏరి, గుల్ల పగలకుండానే మాంసం లాగేస్తుంది. తేలుకుంచి వైపు రైతులకి ఆ కొంగ అంటే అంత మమకారం ఎందుకో వేరే చెప్పాలా? లేత వరి దుబ్బుని కొరికే నత్తల్ని రోజంతా కూలి లేకుండా ఏరిపెడుతుంది.

ఇంకో మాట. వీటిని మనవాళ్ళంతా సైబీరియా పిట్టలంటారు. ఊళ్ళో అడుగు, బస్సులో అడుగు, సైబీరియా అనే అంటారు. పొరుగింటి పుల్లకూర రుచి! దూరం నుంచి వచ్చిందంటేనే మనకి గౌరవం. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ మూడూ మన దేశపు పిట్టలే. అటు సింహళం, ఇటు తూర్పు దేశాల దాకా తిరుగుతాయిగానీ సైబీరియాలో గూడు కట్టవు. నిజంగా ఉత్తరం నుంచి హిమాలయాలు దాటి వచ్చేవి వేరే ఉన్నాయి. నౌపడ ఉప్పుమళ్ళలో చలికాలం దిగే సూదితోక బాతులు, బురదలో పరుగెత్తే చిన్న చిన్న ఉల్లంకులు. వాటిని ఎవరూ మెడెత్తి చూడరు. నీ సంఘంలో చేరే పిల్లలకి మొదటి పాఠం ఇదే చెప్పు: మన ఆడపిల్లల్ని విదేశీయులని పిలవకండి అని.

పిట్టని చూడటం మనకి కొత్తా? విజయనగరంలో నేను చదువుకునే రోజుల్లో దసరా నాడు పాలపిట్టని చూడందే ఎవరూ ఇంటికి వచ్చేవారు కారు. ఊరు ఊరంతా పొద్దున్నే పొలాల వైపు నడిచేది. తెల్ల పంచెలు, పొందూరు ఖద్దరు కండువాలు, పిల్లలు భుజాల మీద. తీగ మీద వాలిన పిట్ట రెక్క విప్పి ఆ నీలం చూపించగానే దండం పెట్టేవాళ్ళు. ఏడాదికోసారి తెలుగువాళ్ళంతా కలిసి చేసే పక్షి దర్శనం అది. తర్వాత మనుషులకి బద్ధకం పెరిగింది. పిట్టలు పట్టేవాళ్ళు పాలపిట్టని పంజరంలో పెట్టి, కాలికి దారం కట్టి, వీధి వీధి తిప్పి చూపించి డబ్బులడగడం మొదలైంది. నడిచి వెళ్ళి చూస్తే పుణ్యం గానీ, కూర్చున్న చోటికి పిట్టని కట్టి తెప్పించుకుంటే ఏం పుణ్యం? అది నేరం కూడా. పాలపిట్ట మన రాష్ట్ర పక్షిగా ఉండేది, 2018లో ఆ పేరు రామచిలుకకి ఇచ్చారు, తెలంగాణ వాళ్ళు పాలపిట్టనే ఉంచుకున్నారు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను... వద్దులే, సిరిమాను ఎక్కితే తెల్లారిపోతుంది.

మరి నీలాంటి సంఘాలు ఎప్పుడొచ్చాయంటావా? బొంబాయిలో 1883లో ఎనిమిది మంది కలిసి నేచురల్ హిస్టరీ సొసైటీ పెట్టారు. 1930 ప్రాంతంలో వెర్నే అనే దొర డబ్బుతో మన తూర్పు కనుమల పిట్టల సర్వే జరిగితే, దాని ఫలితాలు విస్లర్, కినియర్ అనే ఇద్దరు ఆ సొసైటీ పత్రికలోనే రాశారు. ఆ తర్వాత మన విశాఖలో ఆ పని చేసినవారు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థని నడిపిన డిల్లన్ రిప్లీ అంతటివాడు, బ్రూస్ బీలర్ అనే ఆయన, ఈయనతో కలిసి విశాఖ కనుమల పిట్టల మీద రాశారు. ఆ కొండల్లో గుబురుల కింద తిరిగే ఓ గోధుమరంగు చిన్న పిట్ట రకానికి 1985లో రిప్లీ, బీలర్ పెట్టిన శాస్త్రీయ నామంలో చివరి మాట "కృష్ణరాజుయి". పిట్ట కొంచెం, కూత ఘనం అంటారు కదా, అంత చిన్న పిట్ట మీద మనవాడి పేరు ప్రపంచమంతా చదువుతోంది. హైదరాబాదులో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పెట్టారు. కలిసి పిట్టలు చూడటానికి బయల్దేరడం, చూసింది రాయడం, "పిట్ట" అని ఓ పత్రిక. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అంటున్నారు. నువ్వు రాసుకున్న నియమావళి ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలియకపోతే వాళ్ళని అడుగు.

రాయడం గొప్ప పని. మా పాత సంఘానికి లేనిది అదే. "మూడు చెట్లు నిండాయి" అన్న లెక్క మా పెద్దామెతోనే పోయింది. నలభై ఏళ్ళ కిందట ఎన్ని గూళ్ళుండేవని ఈరోజు ఎవరైనా అడిగితే, నా దగ్గర చింతచెట్లున్నాయి గానీ అంకెలు లేవు. 1987 నుంచి మన దేశంలో ఏటా జనవరిలో నీటిపిట్టల లెక్క తీస్తున్నారు, ఆసియా అంతటా అదే రోజుల్లో తీస్తారు. పంతులుగా పని మానేశాక నేనూ పిల్లల్ని నౌపడ తీసుకెళ్ళేవాణ్ణి. వెయ్యి పిట్టల గుంపుని ఎలా లెక్కపెడతారు? ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగాలో ఉన్నాయో కంట్లో పట్టుకోవాలి. ఆ జాగా గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూడాలి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత కలుపుకోవాలి. మొదట్లో పిల్లలు ఒకడిది చూసి ఒకడు అదే అంకె వేసేవాళ్ళు. పరీక్షలో ఆ పని చేస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి, ఉప్పుమడి గట్టు మీద బెంచీ లేదు కదా, వాణ్ణి నా పక్కన నిలబెట్టుకుని మళ్ళీ లెక్కపెట్టించేవాణ్ణి. కనపడనిది రాయకూడదు. కనపడలేదు అన్నదీ రాయాలి.

ఎందుకంటే పోవడం తెలియకుండానే పోతాయి. పశ్చిమ గోదావరిలో కొల్లేరు దగ్గర ఊళ్ళలో ఒకప్పుడు గూడబాతులు వేలల్లో గూళ్ళు పెట్టేవి. కె.కె. నీలకంఠన్ అనే కేరళ ఆయన 1949లో ఆ సంగతి బొంబాయి పత్రికలో రాశారు. ఓ పాతికేళ్ళు తిరిగేసరికి ఆ ఊళ్ళ చెట్లు ఖాళీ అయిపోయాయి. ఆయన రాయకపోతే అక్కడ ఉండేవన్న సంగతే మనకి తెలిసేది కాదు. మన దగ్గర కూడా దెబ్బలు తక్కువేం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి ఎలా నేలకొరిగాయో నువ్వే చూశావు. పిట్టలు గూళ్ళు కట్టే చెట్లకీ అదే గాలి తగిలింది. సరిగ్గా గూళ్ళు కట్టే నెలది. 2021 చివర్లో, 2022 జనవరిలో తేలినీలాపురంలో గూడబాతులు ఒక్కొక్కటే రాలడం మొదలైంది, వందకి పైన పోయాయి. పక్క కొమ్మ మీదున్న ఎర్రకాళ్ళ కొంగలకి ఏమీ కాలేదు. పశువైద్యులు కోసి చూస్తే లోపల నులిపురుగులు. చేపలతో పాటు లోపలికి పోయాయన్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు మళ్ళీ పెద్దామె చింతచెట్టు దగ్గరికి వస్తున్నాను. మొన్న మీ సంఘం సమావేశంలో కార్యవర్గం ఎన్నిక గొడవైందన్నావు. ఎవరు వేదిక మీద కూర్చోవాలి, ఎవరి ఫొటో ముందుండాలి, చందా నూరా రెండొందలా, శాలువా ఎవరికి. ఈ గొడవలు లేని సంఘం భూమ్మీద లేదు నాయనా, మా అరుగు మీద కూడా చుట్ట ముందు ఎవరికివ్వాలని రెండు వీధులు మాట్లాడుకోవడం మానేశాయి. దానికి దిగులు పడకు. కానీ మీ కార్యవర్గంలో పేర్లన్నీ చదివావు, విన్నాను. ఇంజనీరున్నాడు, లెక్చరరున్నాడు, కెమెరా ఉన్న డాక్టరున్నాడు. చెట్టున్నవాడు లేడు. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అని ఊరుంది, అక్కడా ఇలాగే చింతల మీద గూడబాతులు, కొంగలు. అక్కడ చెట్టు ఆసామికి పోయిన కాపుకి అటవీ శాఖ పరిహారం ఇస్తూ వచ్చింది. ఎందుకు? వాడు ఓ చలికాలం మనసు మార్చుకుని గొడ్డలి తీశాడంటే నీ అధ్యక్షుడూ, నీ దుర్భిణీ, నీ యాభై పేజీల లెక్క ఏం చేస్తాయి? మొదటి కుర్చీ వాడికి వెయ్యి. చందా వాడి దగ్గర తీసుకోకు. సర్వసభ్య సమావేశం పట్నం హోటల్లో వద్దు, పిట్టలు దిగే ఊళ్ళోనే, గూళ్ళు కట్టే ముందు, దసరాకి ముందే పెట్టుకో. పాత రోజుల్లో ఉన్నట్టే, "ఈ ఏడు ఎవులి సెట్లు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టు. రాసే పని మీ పిల్లలది, కాసే పని వాళ్ళది. రెండూ ఒకే పుస్తకంలోకి రావాలి. ఏ చెట్టు ఎవరిది, దాని మీద ఎన్ని గూళ్ళు, ఆ ఏడు ఆ ఇంటికి కాపు ఎంత పోయింది, మూడు గడులు గీయి. మూడోది మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలకు.

రేపు తెల్లారగట్ల తేలినీలాపురం బయల్దేరతానన్నావు కదా. ఎర్ర స్వెట్టర్ వద్దు, మీ నాన్న పాత బూడిదరంగుది వేసుకో. అటవీ శాఖ వాచ్ టవర్ ఎక్కే ముందు చెట్టున్న ఇళ్ళకి వెళ్ళు, గుమ్మం బయట చెప్పులు విప్పు, పెద్దవాళ్ళుంటే దండం పెట్టు. ఈ ఏడు చెట్టు ఎలా ఉంది అని అడుగు. వాళ్ళు అంబలి ఇస్తే వద్దనకు. నీచు వాసన వస్తే ముక్కు మూసుకోకు. లెక్క పూర్తయ్యాక మధ్యాహ్నం లోపు నాకు ఫోను చెయ్యి, గూడబాతులు ఎన్నో, కొంగలు ఎన్నో విడివిడిగా చెప్పు, పుస్తకంలో నేనూ రాసుకుంటాను.